గడప బయట నుంచి పిలిచినందుకు

జనగామ, బుధవారం.

నన్ను కన్న నాయినకు, అవ్వకు కొమురమ్మ దండాలు. చదివి వినిపించే వీరేశం మామా, ముందు అవ్వను కూర్చోబెట్టు.

అడవికి పోయిన సమ్మయ్య అన్నను శుక్రవారం మిలిటరీవాళ్లు తూటా దెబ్బతో, నేను నర్సు పని నేర్చుకుంటున్న ఈ మిషన్ దవాఖానకే తెచ్చారు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. శవాన్ని మనకివ్వలేదు. కానీ చివరిదాకా నేను పక్కనే ఉన్నాను.

"నీ ఏసు తుపాకి పట్టినోణ్ణి రానిస్తడా, చెల్లె?" అని అడిగాడు. సిలువ మీద తన పక్కనున్న దొంగనే పరలోకానికి రానిచ్చాడని, నమ్మి అడిగితే చాలని చెప్పాను. అంత నొప్పిలోనూ నవ్వాడు.

"నాయిన తిడతడని నువ్వే ఇంక బాప్తిస్మం తీసుకోలే. గడప బయట నిలవడి నన్ను లోపలికి పొమ్మంటున్నవా?"

తడిగుడ్డతో అతని పెదాలు అద్దాను. అన్న నా చెయ్యి పట్టుకుని, "సరె, పా. ఇద్దరం పోదం" అన్నాడు. మళ్లీ మాట్లాడలేదు.

ఆదివారం బాప్తిస్మం తీసుకున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు, నాయినా. నేను మారినందుకే అన్న పోయాడనుకోవద్దు. అన్న పోయాకే మారాను.

ఎర్రావుకు గాలికుంటు తగ్గిందా? జొన్నలు ఉన్నాయా? అన్న తిరిగొస్తే సమ్మక్కకు అతని బరువంత బెల్లం ఇస్తానని మొక్కి, అవ్వ కుండలో పోగుచేస్తోంది కదా. ఇక ఆపమనండి. నేను ఇంటికి రావచ్చో లేదో రాయించండి. రావద్దన్నా మీకోసం ప్రార్థన చేస్తూనే ఉంటాను.

మామా, ఇది అవ్వకు చదవకు. అన్నను మంచం మీంచి నేనొక్కదాన్నే ఎత్తి దింపాను. అంత తేలికైపోయాడు.