మిరపకాయ ముట్టని చేతులు

చెల్లీ ఎస్తేరూ,

నువ్వు పోయాక ఇవి రెండో మిరపకోతలు. నేను కూలికి వెళ్ళాలంటే నీ బిడ్డ రూతును ఎక్కడో ఒకచోట దింపాలి కదా. ప్రత్తిపాడులో ఇప్పుడు చిన్నపిల్లలకు రెండు బాలవాడీలు పెట్టారు. దాన్ని చంకనేసుకుని రెండూ చూసొచ్చాను.

ఊళ్ళోది పెంకుటిల్లు. సిమెంటు గచ్చు, ఊగే చెక్కగుర్రం, గ్లాసుల నిండా పాలు. నా మనసంతా దాని మీదే పడింది. అంతలో అక్కడొక పిల్లాడు ఏడిస్తే రూతు వెళ్ళి, వేళ్ళు దూరంగా పెట్టుకుని, ముంజేత్తో వాడి కళ్ళు తుడిచింది.

పంతులమ్మ నవ్వింది. "ఏంటమ్మా, ఈ పిల్లకి అరచేత్తో తుడవటం రాదా?"

మన పేటలోది చర్చి పక్కన తాటాకు పాక. మట్టినేల. అక్కడా ఒక పిల్ల ఏడ్చింది, అక్కడా రూతు అలాగే తుడిచింది. పాలు కలుపుతున్న ఆయా చెయ్యాపి చూసింది.

"వీళ్ళమ్మ కాయకోతలకెళ్ళేదా అక్కా? కారం చేతుల్తో బిడ్డ మొహం ముట్టుకోలేం కదా, మేమూ ఇట్టాగే తుడిచేవాళ్ళం."

గుర్రం లేకపోతే పీడాపోయె, పిల్లను అక్కడే చేర్చాను.

ఇవాళ సాయంత్రం చేలోంచి నేరుగా బాలవాడికి వెళ్ళాను. గుమ్మంలో దాన్ని చూడగానే నువ్వు గుర్తొచ్చి కళ్ళు నిండాయి. నా చేతులేమో మంట. ఒడిలో కూర్చోబెట్టుకుంటే, అదే ముంజెయ్యెత్తి నా కళ్ళు తుడిచింది, వేళ్ళు నాకు తగలకుండా.

దాని చేతులకు కారం లేదే, ఎస్తేరూ.