నాకు పద్దెనిమిది, ఎవరికో ఇరవై మూడు

జనవరి 8, గురువారం. సాయంత్రం 5.40

బ్రెడ్ పిండి పొంగి, గిన్నె దాటి, గట్టు మీద పడి చప్పబడిపోయింది. పుల్లటి వాసన.

మా ఇంట్లో ఇలా జరగడానికి వీల్లేదు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఇంటి వేడి ఎంతుండాలో చెప్పే థర్మోస్టాట్ పద్దెనిమిది డిగ్రీల మీదే ఉంటుంది. ఆర్నల్డ్ శాసనం. ఆ చలిలో పొద్దున ఎనిమిదిన్నరకి పిండి కలిపి షాపుకి వెళ్తే, నేను తిరిగొచ్చేసరికి గాని రెట్టింపు కాదు. ఆర్నల్డ్‌ని చేసుకుని ఈ ఇంటికి వచ్చిన రెండేళ్ల నుంచీ ప్రతి గురువారం అదే లెక్క.

అడిగాను. ఈస్ట్ మంచిదై ఉంటుందన్నాడు. పేపర్లోంచి తల ఎత్తలేదు.

పోయిన వారం వాడిన డబ్బానే.

జనవరి 9, శుక్రవారం

బయట మైనస్ ఇరవై తొమ్మిది. వంటింటి కిటికీ లోపలివైపు అంచున ఎప్పుడూ బొటనవేలు మందాన మంచు పేరుకుని ఉంటుంది. ఇవాళ లేదు. గట్టంతా నీళ్లు. థర్మోస్టాట్ చూశాను. పద్దెనిమిది.

జనవరి 12, సోమవారం

ఎవరో వస్తున్నారు. వెనక తలుపు దగ్గర చాప తడిసి ఉంది. బూట్ల మంచు కరిగితేనే అలా తడుస్తుంది. ఆర్నల్డ్ ముందు తలుపు నుంచే వెళ్తాడు, వస్తాడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కర్లింగ్ రింక్‌లో ఐస్ మీద రాళ్లు జారిస్తూ ఉంటాడు. అలాగని చెప్తాడు.

పెళ్లికి ముందు అన్నీ నాకే వదిలేశాడు. కర్టెన్లు మార్చుకో, సోఫా మార్చుకో, నీ చర్చికి నువ్వు వెళ్లు. థర్మోస్టాట్ మాత్రం ముట్టుకోకు. వాళ్ల థీసెన్ వంశం తాతలు ఈ ప్రెయిరీ మైదానాల్లో మట్టి ఇళ్లల్లో చలికాలాలు గడిపారట. ఇల్లు వెచ్చగా ఉంటే మనిషి మెత్తబడతాడట. నేను పుట్టి పెరిగింది సెయింట్ బోనిఫేస్‌లో, అక్కడ మా అమ్మ ఇరవై రెండు కంటే తగ్గనిచ్చేది కాదు. యాభై తొమ్మిదేళ్ల వయసులో మళ్లీ ప్రేమ దొరికితే నాలుగు డిగ్రీలు ఒక లెక్కా అనుకున్నాను. మొదటి చలికాలం ఓ రాత్రి ఏడ్చాను కూడా. లేచి వెళ్లి వేడినీళ్ల సంచి తెచ్చి నా పాదాల కింద పెట్టాడు. థర్మోస్టాట్ దగ్గరికి మాత్రం వెళ్లలేదు. పోయిన తన మొదటి భార్య ఆనీ ముప్ఫై నాలుగేళ్లు ఒక్క మాట అనలేదని చెప్పాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

జనవరి 14, బుధవారం

వంటింటి గట్టు మీద నీలం మూత గిన్నె. పక్కింటి వెర్నాది. వెర్నా భర్త పోయి మూడేళ్లయింది. ఆవిడ కూడా రింక్‌కి వెళ్తుంది. నవ్వితే ఇప్పటికీ బుగ్గలు సొట్టపడతాయి.

ఆవిడ సూప్ తెచ్చిందట. ఎప్పుడని అడిగితే ఎప్పుడో అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే ఇంకో మాట కూడా అన్నాడు, లోపలికి రాలేదని.

జనవరి 15, గురువారం. సాయంత్రం 6.00

టమాటా నారు పెట్టెలో వాడే థర్మామీటర్ ఒకటుంది. రోజు మొత్తంలో ఎంత పైకి వెళ్లిందో గుర్తు పెట్టుకుంటుంది. పొద్దున దాన్ని హాల్లో పుస్తకాల వెనక దాచి వెళ్లాను. మొగుడి మీద నిఘా పెట్టేదాన్నవుతానని ఎన్నడూ అనుకోలేదు.

ఇరవై మూడు పాయింట్ నాలుగు.

నేను ఏడిస్తే పెరగలేదు. ఎవరి కోసం పెరిగింది?

జనవరి 16, శుక్రవారం

23.8.

జనవరి 19, సోమవారం

చెల్లెలు ఇవెట్‌కి ఫోన్ చేశాను. సూట్‌కేస్ సర్దుకుని వచ్చెయ్యి, గది ఖాళీగానే ఉందంది. అడిగెయ్యవే అని కూడా అంది. అడిగితే అబద్ధం చెప్తాడు, ఆ అబద్ధం విని నేను ఈ ఇంట్లో ఉండలేను. ఆదివారం దాకా చూస్తానన్నాను, సూట్‌కేస్ మాత్రం అటక మీంచి దించి పెట్టుకున్నాను. ఇంకో మనిషి ఉందన్న బాధ కంటే, ఆ మనిషి చలి తట్టుకోలేదని ఆర్నల్డ్ అర్థం చేసుకున్నాడే, అది ఎక్కువ మండుతోంది.

జనవరి 20, మంగళవారం

వెర్నా మా కళ్లద్దాల షాపుకి వచ్చింది, ఫ్రేమ్ వదులైందని. స్క్రూ బిగించాను. వెళ్లబోతూ ఆగి అడిగింది.

"ఏమ్మా లూసీ, మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా? నవంబర్ నుంచీ రింక్ మొహమే చూడట్లేదు. సూప్ తెస్తే తలుపు సందులోంచి గిన్నె లాక్కున్నాడు, లోపలికి రమ్మని కూడా అనలేదు."

మోకాళ్లు నొప్పులని ఏదో చెప్పి పంపించాను. నా అనుమానానికి పేరు పోయింది. అనుమానం పోలేదు. నవంబర్ నుంచి నాతో అబద్ధం.

జనవరి 21, బుధవారం. 4.35, కార్లో

తలనొప్పి అని చెప్పి షాపు నుంచి రెండింటికే బయటపడ్డాను. కారు వెనక సందులో ఆపి, ముందు తలుపు చప్పుడు కాకుండా తీశాను. వేడి మొహానికి కొట్టింది. కళ్లద్దాలు మసకబారాయి. తుడుచుకుని చూశాను.

ఎవరూ లేరు. ఆర్నల్డ్ ఒక్కడే. నేల మీద వేడిగాలి వచ్చే జాలీ పైకి కుర్చీ లాక్కుని, రెండు దుప్పట్లు కప్పుకుని, ఉన్ని టోపీ పెట్టుకుని నిద్రపోతున్నాడు. దుప్పటి మీద చెయ్యి. గోళ్లు కాగితంలా తెల్లగా ఉన్నాయి. ఇంత చిక్కిపోయాడని నాకు తెలియదు.

ముందు కోపం వచ్చింది. నన్ను రెండు చలికాలాలు వణికించి, తనొక్కడే వెచ్చగా పడుకున్నాడని. లేపి నాలుగు తిడదామనుకున్నాను. తర్వాత భయమేసింది. చప్పుడు చెయ్యకుండా వచ్చి కార్లో కూర్చున్నాను.

నాలుగింటికి వెనక తలుపు బార్లా తెరుచుకుంది. ఆర్నల్డ్. దుప్పటి కప్పుకుని, తలుపు పట్టుకుని ఆ గాలిలో నిలబడ్డాడు. మంచు చాప మీద పడుతోంది. నేను వచ్చేలోపు ఇల్లు చల్లారాలి కదా. పావుగంట నిలబడ్డాడు. కార్లోంచి కూడా ఆ వణుకు కనిపిస్తోంది.

జనవరి 22, గురువారం

చూశానని చెప్తే? పదిహేనుకి తగ్గించి, ఉత్త చొక్కాతో కూర్చుని చూపిస్తాడు. డాక్టర్ దగ్గరికి అసలే రాడు. ఆనీని హాస్పిటల్‌లో వదిలి వచ్చిన రోజు నుంచి ఆ గుమ్మం తొక్కలేదు.

సూట్‌కేస్ తిరిగి అటక మీద పెట్టాను.

జనవరి 24, శనివారం

భోజనాల దగ్గర చెంచా కింద పెట్టేశాను.

"ఆర్నల్డ్, ఇంక నావల్ల కాదు. చలి ఎముకల్లోకి దిగిపోతోంది. ఏదో జబ్బేమోనని భయంగా ఉంది."

చాలాసేపు నా వైపే చూశాడు. సెయింట్ బోనిఫేస్ వాళ్ల రక్తమే పలచన అని గొణిగాడు. లేచి థర్మోస్టాట్ దగ్గరికి వెళ్లాడు.

"నీ కోసం పెంచుతున్నాను. నాకేం అక్కర్లేదు."

తెలుసన్నాను. ఇరవై ఒకటి. ఆ ఊపులోనే రక్తపరీక్ష సంగతి కూడా ఎత్తాను. సూది అంటే భయం, తోడు రమ్మన్నాను, నువ్వూ ఒకటి చేయించుకుంటే నాకు ధైర్యం అన్నాను. నలుగురు పిల్లల్ని కన్నదానికి సూది భయమేమిటని అడగలేదు. సరే అన్నాడు.

నాకు తెలుసని తనకి తెలుసేమో. ఇప్పుడు ఆ అనుమానం పట్టుకుంది.

ఫిబ్రవరి 3, మంగళవారం

నా రిపోర్టు బాగుంది. ఆర్నల్డ్‌కి రక్తం సగానికి పడిపోయింది. లోపల ఎక్కడో కారుతోందన్నారు. ఎక్కడో, ఎందుకో గురువారం హాస్పిటల్‌లో చేర్చుకుని చూస్తారట. ఇంట్లోకి రాగానే కోటు విప్పకుండా థర్మోస్టాట్ ముందు నిలబడ్డాడు. చెయ్యి ఎత్తలేదు. వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

చలిగా ఉందన్నాను.

ఫిబ్రవరి 4, బుధవారం

ఇరవై నాలుగు. ఉక్కపోస్తోంది. నా కోసం ఇంకొంచెం పెంచమని అడిగాను.