బెంచీ మీద నాలుగో పిచర్

మణుగూరు,
సోమవారం

ప్రియమైన సునందక్కా,

ఫోన్లో అరుస్తున్నానని, చెప్పేదేదో కాగితం మీద రాయమన్నావు. రాస్తున్నాను. కాలు విరిగి దమ్మపేటలో మంచం మీద ఉన్నా మా కోచ్‌వి నువ్వే, కాదనను. కానీ నువ్విచ్చిన మార్పిడి ఫారం చింపేశాను.

గురవమ్మ కానిస్టేబుల్ ట్రైనింగుకు పోయాక మన బేస్‌బాల్ జట్టులో పిచర్ విసిరే బంతి పట్టే క్యాచర్ లేని మాట నిజమే. భద్రాచలం వాళ్లు తమ క్యాచర్ భానును ఇస్తాం, సరితను ఇవ్వండి అంటున్నారు. సరిత పంతొమ్మిదేళ్ల పిల్ల. నలుగురు పిచర్లలో చిన్నదని ఇచ్చేయడమేనా? మనుషులను అంగట్లో మేకల్లా మార్చుకోవడానికా మనం క్లబ్బు పెట్టుకున్నది? చెమటోడ్చే వాళ్లకే ఆ చెమట మీద హక్కని నేను చదివిన ప్రతి కరపత్రంలోనూ ఉంది. ప్రాక్టీసులో అందరి ముందూ అదే చెప్పి, ఫారం ముక్కలు చేశాను. చప్పట్లు కొట్టారు.

కోపం తగ్గని,
తబిత

దమ్మపేట,
బుధవారం

ప్రియమైన కెప్టెన్ తబితా,

ఆ చప్పట్లలో సరితవి ఉన్నాయా?

మన దగ్గర ఇచ్చేందుకు ఇంకేం లేదు, పిచర్లు తప్ప. నలుగురున్నారు కాబట్టే ఒకరిని పంపి క్యాచర్‌ను తెచ్చుకోగలం. ఇద్దరే ఉంటే నేనసలు ఆ మాట ఎత్తేదాన్నా? నువ్వు మొదటి పిచర్‌వి. నాలుగో పిచర్ రోజు ఎట్లా గడుస్తుందో నీకు తెలియదు. ఆ పిల్లను అడిగావా?

మణుగూరు బస్సు కండక్టర్ నాగరాజు చేతికి ఇంకో ఫారం ఇచ్చి పంపుతున్నాను. నీ సంతకం లేనిదే చెల్లదు. శుక్రవారం ఐదింటికి గడువు. తర్వాత సీజనంతా ఎవరూ కదిలేది లేదు.

అన్నం తిన్నాక ఆలోచించు. ఖాళీ కడుపుతో నీకు కోపమెక్కువ.

సునంద

భద్రాచలం బస్సులో,
శుక్రవారం

ప్రియమైన అక్కా,

అక్షరాలు వంకరపోతే తప్పు బస్సుది. నిన్న సరితను అడిగాను. గ్లవ్‌లోంచి కాగితం తీసింది. నేను చింపిన ఫారమే. ముక్కలేరుకుని అన్నం మెతుకులతో అతికించింది.

"ఆ రోజే చెప్పొద్దానే?"

"నువ్వు నా హక్కుల గురించి మాట్లాడుతుంటివి. నడుమల ఎట్ల రావాలె అక్కా?"

"పోతవా మరి?"

"అవ్. రెండేండ్లల్ల రెండే మ్యాచ్‌లు ఆడిన. మిగిలిందంతా నీ నీళ్ల బాటిల్ పట్టుకున్న. ఆడ నేనే మొదటి పిచర్‌నంట."

చేయి చాపితే బాటిల్ అందేది. ఇచ్చేదెవరో ఒక్కసారీ తలెత్తి చూడలేదక్కా.

నువ్వు పంపిన ఫారం మీద సంతకం పెట్టాను. లీగ్ ఆఫీసులో ఇచ్చేందుకు ఇద్దరం పోతున్నాం. కిటికీ సీటు తనకే ఇచ్చాను. సారపాక దాటాం, బ్రిడ్జి కనిపిస్తోంది. గడువుకు గంటుంది.

మన మొదటి మ్యాచ్ వాళ్లతోనే. "ఒంటి మీదికొచ్చే బంతి నీకు కొట్టరాదక్కా, బెంచీ మీదికెల్లి రెండేండ్లు చూసిన" అంటోంది, నవ్వకుండా.

జల్దీ లేచి రా. ఆ బంతి కొట్టడం నేర్చుకోవాలి.

నీ,
తబిత