సునీల్ గోడగడియారం

శనివారం రాత్రి, రేపల్లె

మా అబ్బాయి సునీల్ పోయాక వాడు కీ ఇచ్చి నడిపిన గోడగడియారాన్ని నేనే పాడుచేశాననుకున్నాను. సున్నం వేయడానికి దించి మళ్ళీ తగిలించిన దగ్గర్నుంచి, కాసేపు ఊగి ఆగిపోతోంది. మా ఆయనకి చెప్పడానికి భయం వేసింది. ఈరోజు ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెనాలి తీసుకెళ్ళాను.

రిపేరు చేసే పెద్దాయన గడియారం తలుపు తీసి నవ్వారు. "పెండ్యులం తియ్యకుండా తెచ్చావేంటమ్మా! దారంతా ఉయ్యాల ఊపావా?"

"చెడిపోయిందా బాబాయిగారూ?"

"ఏం చెడలేదు. వంకరగా తగిలించుంటావు. పూర్వం గడియారాలు రోజుకో తీరున నడిచేవంట. ఈ ఊగే బిళ్ళ వచ్చాకే టైము కుదిరింది. ఇది అటెంతో ఇటూ అంతే ఊగాలి. టిక్కూ టక్కూ సమానంగా వినపడేదాకా పెట్టెని జరుపు, చాలు."

రైల్లో తిరిగొస్తూ ఏడ్చాను, గుండె తేలికై.

ఇంట్లో తగిలించి, చెవి ఆనించి జరుపుతుంటే వెనకనుంచి మా ఆయన, "ఇంకొంచెం ఎడంపక్కకి. వాడు అలాగే పెట్టేవాడు" అన్నారు. వాడు పోయాక వాడి మాట ఆయన నోట రావడం ఇదే మొదలు. టిక్కూ టక్కూ సమానమయ్యాయి, ఇద్దరం వింటూ నిలబడ్డాం.

వాడైతే ఆదివారం చర్చి నుంచి రాగానే కీ ఇచ్చేవాడు. రేపు ఎవరు ఇవ్వాలో ఇద్దరం ఇంకా మాట్లాడుకోలేదు...