డెబ్బై రెండు నిమిషాలు

3 అక్టోబరు 1999

రాజమండ్రిలో గుండె డాక్టరంటే బీపీ చూసి ఉప్పు తగ్గించమని చెప్పే మగవాడు. నేను గుండె వైద్యంలో డీఎం చేసి వచ్చి మూడేళ్లయింది. ఇప్పటికీ నన్ను చూడగానే పెద్ద డాక్టరుగారు లేరా అండీ అని అడుగుతారు. పెద్ద డాక్టరుగారంటే చంద్రరావుగారు. హాస్పిటల్ ఆయనది. జర్నల్ తెరిచి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. కానీ నా పేపరు మీద ఆయన పేరే ముందుండాలట.

"పనంతా నీదే కదమ్మా, పేరు ఎవరిదైతే ఏముంది" అన్నారు కాఫీ తాగుతూ.

ఏమీ లేనప్పుడు నాదే ఉంచొచ్చు. అయినా ఆయన పేరే ముందు రాశాను.

పేపరు సంగతి ఇది. గుండెపోటు వచ్చినవాళ్లకి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎంత త్వరగా ఎక్కిస్తే అంతమంది బతుకుతారు. మన పల్లెల నుంచి వచ్చేవాళ్లకి ఎంత ఆలస్యంగా ఎక్కుతోంది? రెండేళ్లుగా కేసులు రాస్తున్నాను. ఇప్పటికి 205 మంది.

9 అక్టోబరు

డ్యూటీ డాక్టర్ సుధాకర్ చేతిలో ఈసీజీ పట్టుకుని నా మొహం చూస్తాడు. కాగితం చూడడు. జవాబు నా మొహం మీద రాసుందనుకుంటాడు కాబోలు. వీడికి ముందున్నవాడు ఇంకా ఘనుడు. కడుపులో పుండున్న మనిషికి ఏమీ అడక్కుండా ఇంజెక్షన్ ఎక్కించేశాడు. ఆ మనిషి రక్తం కక్కుకుని, ఎలాగో బతికాడు. ఆ రోజే ఐసీసీయూ గోడమీద ఎర్ర ఇంకుతో నోటీసు అంటించాను. డాక్టర్ ఫణిశ్రీ ఈసీజీ చూడనిదే ఇంజెక్షన్ మొదలుపెట్టరాదు.

మీరు దొరక్కపోతేనో అని చిట్టెమ్మ సిస్టర్ అడిగింది. దొరుకుతాను అన్నాను.

17 అక్టోబరు

రావులపాలెం సత్తియ్య ఇంకో కేసు తెచ్చాడు. పదేళ్లు కాంపౌండరు పని చేసి, తరవాత తనకి తానే డాక్టరయ్యాడు. ఊళ్లో ఆర్ఎంపీ అంటారు. ఎక్కడో సెకండ్‌హ్యాండ్ ఈసీజీ మిషను కూడా కొన్నాడు. కాగితం నా ముందు పరిచి, గీత ఇక్కడ లేచిందండీ అని వేలు పెట్టాడు. సరైన చోటే పెట్టాడు. గుడ్డిగా తగిలి ఉంటుంది.

నా పేపరులో దోషులు వీళ్లే. గ్యాస్ అని ఏదో సూది పొడుస్తారు. సాయంత్రం దాకా ఇంట్లో కూచోబెడతారు. ఒళ్లు చల్లబడ్డాక మా గుమ్మంలో దింపి చేతులు దులుపుకుంటారు. "పల్లె వైద్యుల చేతిలో పోయే గంటలు." పేరు ఖాయం చేశాను. ఇంగ్లీషులో రాస్తే తిట్టు కూడా మర్యాదగా ఉంటుంది.

2 నవంబరు

విశాఖ కాన్ఫరెన్సులో నా పేపరు తీసుకున్నారు. చంద్రరావుగారు స్వీట్లు పంచారు, ఆయన రాసినట్టు.

19 నవంబరు, సాయంత్రం 6

పొద్దున పదిన్నరకి స్లైడ్లు చేయించడానికి ఫొటో స్టూడియోకి వెళ్లాను. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. చెబితే చంద్రరావుగారు తన ఫొటో కూడా పెట్టించమంటారు.

పదకొండు నలభైకి సత్తియ్య కారులో గణేష్‌బాబుని తెచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లు. రావులపాలెం మార్కెట్లో అరటి గెలల వ్యాపారం. నొప్పి మొదలై గంటన్నర కూడా కాలేదు. సుధాకర్ ఈసీజీ తీశాడు. ఓపీలో నాకోసం వెతికారు. ఇంటికి ఫోన్ చేశారు. ఆయాని రిక్షాలో మా ఇంటికి పంపారు. మందు సీసా మంచం పక్క బల్లమీదే ఉంది.

నేను వచ్చేసరికి పన్నెండు యాభై రెండు. బీపీ అప్పటికే అరవై. ఎక్కించాం. ఒంటిగంటన్నరకి గుండె ఆగింది. నలభై నిమిషాలు ఛాతీ నొక్కాం. రాలేదు.

అతని భార్య హారతి వరండాలో నిలబడి ఉంది. ముందే తీసుకురావాల్సిందమ్మా, ఆలస్యమైపోయింది అన్నాను. ఈ మాట నాకు నోటికొచ్చు. రెండేళ్లలో ఎంతమందికి చెప్పానో.

"గ్యాసేమోనని సోడా ఇచ్చానండీ. ఓ పావుగంట చూశాను" అంది.

నేను తల ఊపాను.

మెట్ల దగ్గర సత్తియ్య ఆపాడు. "తొందరగానే తెచ్చాను కదండీ. కాగితం కూడా చూపించాను. మరి ఎవరికోసం ఆగారండీ?"

గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను లిఫ్టెక్కాను, ఒక్క అంతస్తు దిగడానికి.

20 నవంబరు

డెబ్బై రెండు నిమిషాలు. ఈ ఒక్క కేసూ లెక్కలోంచి తీసేస్తే పేపరుకి ఏ ఇబ్బందీ ఉండదు.

24 నవంబరు

తీసేద్దామనే కూచున్నాను. అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో చూడాలనిపించింది. ప్రతి కేసు షీటు అడుగున చిట్టెమ్మ రెండు టైములు రాస్తుంది. పేషెంటు గుమ్మంలోకి వచ్చిన టైము, ఇంజెక్షన్ మొదలైన టైము. రెండేళ్లుగా నేను చూసింది ఊళ్లో పోయిన టైము మాత్రమే. ఇది మన టైము కదా, చూడ్డానికేముంది అనుకున్నాను.

ఇప్పుడు 214 షీట్లు. మూడు రోజులు పట్టింది. నేను ఐసీసీయూలో ఉంటే పద్దెనిమిది నిమిషాలు. కింద ఓపీలో ఉంటే యాభై. బయట ఉంటే తొంభై, నూట పది, ఒకసారి నూట నలభై.

సత్తియ్య తెచ్చినవాళ్లు ఇరవై ఆరుగురు. అందరూ నొప్పి మొదలైన రెండు గంటల లోపలే వచ్చారు. ఇంకే ఊరినుంచీ అంత త్వరగా రాలేదు. వాళ్లలో తొమ్మిదిమంది మా మంచాల మీద గంటకి పైగా పడుకున్నారు, నాకోసం. నలుగురు పోయారు.

ఇదంతా నాకెందుకు చెప్పలేదని చిట్టెమ్మ మీద అరిచాను. "నేను రాస్తూనే ఉన్నానండీ. మీరు చూస్తున్నారనుకున్నాను" అంది.

1 డిసెంబరు

చంద్రరావుగారికి చూపించాను. మొదటిసారి నా పేపరు మొత్తం చదివారు. మొదటిసారి మొత్తం అర్థం కూడా అయింది.

"ఆ హాస్పిటల్ టైముల కాలమ్ తీసెయ్యమ్మా. ఆర్ఎంపీల సంగతి చాలు. పరువు నీదీ, నాదీ."

తియ్యనన్నాను. అయితే నా పేరు తీసెయ్ అన్నారు. తీసేశాను. మొదటి పేరు ఇప్పుడు నాదే. ఇంతకాలం ఏడ్చింది దీనికే.

4 డిసెంబరు

నోటీసు చింపేశాను. ఎర్ర ఇంకు గోడకి కూడా అంటుకుంది.

సుధాకర్‌ని కూచోబెట్టి పాత ఈసీజీలు వంద ఇచ్చాను. నా మొహం కాదు, కాగితం చూడు అన్నాను. తొంభై నాలుగు సరిగ్గా చెప్పాడు. ఎప్పుడు నేర్చుకున్నావని అడిగాను. మొదట్నుంచీ వచ్చండీ మేడమ్ అన్నాడు. మిగిలిన ఆరూ రేపు చూస్తాం. ఇంజెక్షన్ ముందు అడగాల్సిన ప్రశ్నలు కూడా ఓ కార్డు మీద రాసిచ్చాను.

22 జనవరి 2000, విశాఖ

ఎనిమిది నిమిషాలు మాట్లాడాను. హాల్లో నలభైమంది, అందులో సగం భోజనం టైముకి వచ్చినవాళ్లు. ముందు వరసలో ఒక ప్రొఫెసరు నిద్ర. ఆలస్యం మా హాస్పిటల్‌దేనని, కారణం నా నోటీసేనని చెప్పాను. సొంత హాస్పిటల్ గురించి ఇలా చెప్పుకోవడం దేనికమ్మా అని ఒకాయన లేచాడు. ఇంకొకాయన ఇంజెక్షన్ ఏ కంపెనీదని అడిగాడు. టైమైపోయిందని బెల్లు కొట్టారు.

భోజనాల దగ్గర ముగ్గురు, ఒక్కొక్కరే, పులావు ప్లేటు పట్టుకుని నా చెవి దగ్గరకొచ్చారు. మా దగ్గరా అంతేనండీ అని గుసగుస. మైకులో ఒక్కడికీ గొంతు లేవలేదు. వీళ్లని మనసారా అసహ్యించుకుందామనుకున్నాను. మూడు నెలల కిందటైతే నేను ఆ గుసగుస కూడా ఆడేదాన్ని కాదు.

6 ఫిబ్రవరి

సత్తియ్య కేసు తెచ్చాడు. నేను ఓపీలో ఉన్నాను. సుధాకరే ఎక్కించాడు. ఇరవై ఒక్క నిమిషాలు. పేషెంటు సాయంత్రానికి లేచి టీ అడిగాడు.

వెళ్లబోతూ సత్తియ్య హారతి మాట ఎత్తాడు. గణేష్‌బాబు తల్లి మాణిక్యాంబ కోడలి చేత్తో మంచినీళ్లు కూడా తాగడం లేదట. సోడా ఇచ్చి చంపేసిందని వీధి వీధంతా అంటోందట.

"ఆలస్యం చేశావని డాక్టరమ్మగారే అన్నారంట కదండీ. అది కాదని నేను చెప్పాను. ఆర్ఎంపీ మాట ఎవరు నమ్ముతారండీ?"

ఇలా నలుగురూ వినేలా ఎవరు చెప్పమన్నారని విసుక్కున్నాను. పక్కన ఎవరూ లేరు.

9 ఫిబ్రవరి

హారతి దగ్గరికి వెళ్లలేదు. ఓపీ ఎక్కువగా ఉంది.

10 ఫిబ్రవరి

ఓపీలో పదకొండుమందే.

13 ఫిబ్రవరి

వెళ్తానని చంద్రరావుగారికి చెప్పాను. తలుపు వేసి వచ్చారు. నువ్వు నోరు తెరిస్తే రేపు కన్స్యూమర్ కోర్టులో ఉంటాం, ఆ అమ్మాయి నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోతుంది అన్నారు. ఇంత నీచంగా ఎలా మాట్లాడతారని నాకు ఒళ్లు మండింది. తరవాత గుర్తొచ్చింది. ఈ వారమంతా నేను వెళ్లకుండా ఉన్నది సరిగ్గా ఈ ధైర్యంతోనే. ఆయన పైకి అన్నారు. అంతే తేడా.

20 ఫిబ్రవరి

బస్సులో రావులపాలెం వెళ్లాను. హారతికి అంతా చెప్పాను. మీరు సరైన టైముకే తెచ్చారు, ఆలస్యం నాది అన్నాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. లోపలికి వెళ్లి అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నాకెదురుగా కుర్చీలో కూచోబెట్టింది.

"ఇప్పుడు మళ్లీ చెప్పండి" అంది.

మళ్లీ చెప్పాను.