తీసేసే ముందు ఒక ఫోన్

వసుధక్కా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. షాంటిలీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌కి నీ తర్వాత నేనూ, కిరణూ అడ్మిన్లం. పచ్చళ్ళ ఆర్డర్లూ, పార్కింగ్ గొడవలూ, అన్నీ నువ్వు మా నెత్తిన పెట్టిపోయినవే తల్లీ!

పొద్దున ఒకమ్మాయి "రూమ్ కావాలి" అన్న మెసేజ్‌నే మళ్ళీ మళ్ళీ పెడుతూ పోయింది. "స్పామ్! రిమూవ్ చేసెయ్యండి," అని అందరూ నా మీద పడ్డారు. నాకూ ఒళ్ళు మండింది. కానీ నీ రూల్ ఉందిగా, మాట్లాడకుండా ఎవరినీ గ్రూప్‌లోంచి తీసేయకూడదని. విసుక్కుంటూనే ఫోన్ చేశాను.

"సారీ ఆంటీ, మాస్టర్స్ చేయనీకి నిన్ననే అమెరికా వచ్చిన. రూమ్ ఇస్తమన్నోళ్ళు ఫోన్ ఎత్తుతలేరు. సూట్‌కేసులు పట్టుకొని ఇండియన్ స్టోర్ ముంగట కూర్చున్న," అంది.

స్పామట, స్పాము! వెళ్ళి కార్‌లో ఎక్కించుకొచ్చాను. ఇప్పుడు మా వంటింట్లో పప్పుచారు అన్నం తింటోంది. నన్ను ఆంటీ అన్నందుకు మాత్రం ఇంకా క్షమించలేదు.

ఆ పిల్లను ఇంటికి తీసుకురాగానే కిరణ్ ఫోన్ చేశాడు. "గ్రూప్ ఫుల్ అయిపోయిందండీ. కొత్తవాళ్ళని యాడ్ చేయాలంటే వాడని నంబర్లు తీసేయాలి. ముందు వసుధక్కది..." అని ఆగిపోయాడు.

రూల్ ఎవరికైనా ఒకటే అన్నాను. నీకు ఫోన్ చేశాను. ఈ నంబర్ వాడుకలో లేదని ఎవరో ఇంగ్లీషులో చెప్పారు. అది నీ గొంతు కాదు. నీతో ఇంకా మాట్లాడలేదు కాబట్టి, నువ్వు గ్రూప్‌లోనే ఉంటావు.