పాత స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్

మామా,

నువ్వు రేడియోకు చేసిన డీసీ డబ్బాను ముట్టకు. పొద్దున టేబుల్ తుడుస్తుంటే చెయ్యి జిల్లుమన్నది. టెస్టర్ పెడితే, పన్నెండు వోల్టులే అని నువ్వు చెప్పిన వైరు కాడ కూడ వెలిగింది. సూర్యాపేట మెకానిక్‌కు ఫోన్ చేసి అడిగిన. నువ్వు అండ్ల పెట్టిన పాత టీవీ స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్ దీనికి పనికిరాదట. లోపలికొచ్చే కరెంటుకు, బయటికి పోయేదానికి ఒకటే తీగచుట్టట, బోర్డుల కరెంటు సీదా బయటికే వస్తదట. రెండు చుట్లు విడిగ ఉన్నది సాయంత్రం నేనే తెస్త.

"మంచిగున్నదాన్ని పారేస్తమా" అన్నవు. నిన్న చిన్నోడిని ఒళ్లో కూసోబెట్టుకొనే ఆన్ చేసినవు మామా.

ప్లగ్గు కోసి బ్యాగుల ఏసుకొని పోతున్న. ఇంకోటి బిగించకు. అన్నం వండిపెట్టిన.

నీ కోడలు శ్రీవాణి

ఇది చదవంగనే ఫోన్ చెయ్యి. తిట్టుడుకైనా సరే, నీ గొంతు వినాలె.